డాక్టరమ్మ చెప్పిన ఐదు మాటలు

తలకు దెబ్బ తగిలిన మూడో రోజు, మా ఫుట్‌బాల్ టీమ్ డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టింది. గోల్ పడకుండా కార్నర్ బంతిని తలతో కొట్టబోయి గోల్‌పోస్టును గుద్దుకున్నాను మరి. ఎన్నో ఏళ్లుగా డిఫెండర్‌గా ఆడుతుంటే ఇన్నాళ్లకు ఫైనల్‌కొచ్చాం. ఈ పరీక్ష తప్పితే ఇక బెంచీ మీదే.

“ఇందాక ఐదు మాటలు చెప్పాను కదా, ఏవో చెప్పమ్మా.”



“గొడుగు... చెంచా...” వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాను. “ఆఁ, తాళం!”

“ఇంకా?”

ఎంత గింజుకున్నా రాలేదు. “అంతేనండీ,” అన్నాను. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆవిడ కంప్యూటర్ వైపు చూసి నవ్వింది. “సీజన్ మొదట్లో ఇదే పరీక్ష పెడితే అప్పుడూ నీకు మూడే గుర్తున్నాయి. ఏం తేడా లేదు. అయినా మీ డిఫెండర్లకు తలకాయ ఉన్నది బంతి కొట్టడానికేగా! వెళ్లు, ఫైనల్ ఆడుకో.”

బతుకు జీవుడా అనుకుంటూ బయటపడ్డాను. డ్రెస్సింగ్ రూమ్‌లో బూట్ల లేసులు కడుతుంటే చేతులు ఆగిపోయాయి.

సీజన్ మొదట్లో, పరీక్షకు ముందు, మా కెప్టెనక్క చెవిలో ఊదింది. “గుర్తున్నా రెండు మింగెయ్యవే. రేపు నిజంగా దెబ్బ తగిలినా తేడా కనబడదు.” అందరం అలాగే చేస్తాం. ఐదూ గుర్తుండి కూడా, ఆ రోజు నేను రెండు మింగేశాను.

ఇవాళ ఒక్కటీ మింగలేదు.