తడి ఆరని గీత

అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక చిన్న కారుంది. దాని ఇంజన్‌ను అన్న ట్యూన్ చేస్తాడు, చక్రాలు తమ్ముడు బిగిస్తాడు. బిగించిన ప్రతి నట్టు మీంచి చక్రం దాకా పసుపు పెయింటుతో ఒక గీత గీస్తాడు. నట్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది.

"తలనొప్పిగా ఉంది, ఈ రాత్రికి నువ్వొక్కడివే కారు నడిపి వేగం ఎంతొస్తుందో చూసుకో అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

కొండదారి మలుపులో ముందు చక్రం టక్, టక్‌మంది. అన్న కారాపి టార్చి వేశాడు. గీతలన్నీ తిన్నగానే ఉన్నాయి. 'వాడి పని మీద నాకు అనుమానమేంటి!' అని నవ్వుకుంటూ ఒక నట్టు ముట్టుకున్నాడు.

అది వేళ్లకే తిరిగింది. వేలికి పసుపు రంగు అంటింది. వదులు చేశాక గీసిన గీత అది.

చీకట్లో ఫోన్ మోగింది. తమ్ముడే. పసుపంటిన వేలితోనే అన్న ఎత్తి చెవికి ఆనించుకున్నాడు.

"అన్నయ్యా... ఎత్తింది నువ్వేనా?"