లేదన్న జ్వరం

బూట్లు వేసుకుని, గొడుగు పట్టుకున్న మనిషి పల్లెలోకి రావడం చూసి సోమమ్మ గుండె ఝల్లుమంది.

"బీరా, దొడ్లకు పో. గొర్ల నడుమ పండు," అంది కొడుకుతో.

బీరన్న గొంగడి కప్పుకుని పాకుతూ పోయాడు. లేచి నడిచే ఓపిక లేదు. తండ్రి గుర్వయ్య కాలు విరిగిందని కబురొస్తే, పాలమూరు కాలేజీ వదిలేసి వచ్చి మందను అడవికి తోలుకుపోయాడు. తిరిగొచ్చేటప్పుడు మందతో పాటు చలిజ్వరాన్నీ తెచ్చుకున్నాడు.

కానీ జ్వరం కంటే భయమే అతణ్ణి ఎక్కువ వణికిస్తోంది. అచ్చంపేట సంతలో కనబడినప్పుడు తోటి విద్యార్థి అమరేందర్ చెప్పిన మాటలు చెవుల్లోంచి పోవడం లేదు. తల్లికీ ఆ మాటలు చెప్పాడు.

"క్లాసులకు రాకుంటే పేరు కొట్టేస్తరంట. పేరు లేకుంటే సర్కారు స్కాలర్‌షిప్ బంద్. తీసుకున్న కిస్తు గూడ వాపస్ కట్టాలె. కట్టకుంటే జప్తుకు వస్తరంట."

ఆ కిస్తు హాస్టల్ కూటికే అయిపోయింది. జప్తు చేయడానికి ఆ ఇంట్లో ఉన్నవి గొర్రెలే. అవి పోతే ఆ కుటుంబం ఏం తిని బతకాలి?

ఆ పల్లెలో గొర్రెల కాపరులకు ఒక పద్ధతి ఉంది. అడవిలో మేపినందుకు పుల్లరి వసూలు చేసే సర్కారు మనుషులు వచ్చి ఏమడిగినా లేదనాలి. గొర్రెలున్నాయా? లేవు. పొట్టేళ్లు? లేవు. మొగుడున్నాడా? వాడూ లేడు. ఎదురుగా మంద అరుస్తున్నా సరే, మాట మారకూడదు. సోమమ్మ ఈ విద్యలో ఆరితేరింది.

వచ్చిన మనిషి గుమ్మం ముందు ఆగాడు.

"గుర్వయ్య ఇల్లు ఇదేనా అమ్మా?"

"ఏ గుర్వయ్య?"

"కాలేజీల సదివే బీరన్న వాళ్ల నాయిన."

కాలేజీ మాట వినగానే సోమమ్మకు అర్థమైపోయింది. జప్తు మనిషే, సందేహం లేదు.

"ఇదే సారు. ఆయన ఊరికి పోయిండు."

"బీరన్న ఏడి?"

"ఏడుంటడు? కాలేజీల ఉన్నడు."

"లేడమ్మా. నేను ఆడికెల్లే వస్తున్న."

"అయితే తొవ్వల ఉన్నడేమో. పొద్దుగాలనే పోయిండు."

ఆ మనిషి చిన్నగా నవ్వి నీళ్లడిగాడు. శత్రువైనా దాహమన్నవాడికి ఉత్త నీళ్లివ్వడం ఆమెకు చేతకాదు. మజ్జిగ ఇచ్చింది. అతను బూట్లు విప్పి నేల మీదే కూర్చున్నాడు. గొర్రెలను లెక్కపెట్టలేదు, దొడ్డి వైపు కూడా చూడలేదు. అదే సోమమ్మకు మరింత భయం పుట్టించింది.

"పిల్లగానికి పాణం బాగుందా? జరమేమన్న వచ్చిందా?"

"జరమా? నా కొడుక్కా? పుట్టినకాన్నుంచి తుమ్ము గూడ ఎరుగడు."

గొర్రెల కాళ్ల సందులోంచి చూస్తున్న బీరన్న, పళ్లు టకటకలాడకుండా గొంగడి కొస నోట్లో కుక్కుకున్నాడు.

"జర యాది చేసుకో తల్లీ. అడివి దిక్కు పోయినోళ్లకు చలిజరం వస్తది."

"అడివికి ఎందుకు పోతడు సారు? మాకు గొర్లే లేవు."

సరిగ్గా అప్పుడే దొడ్లో ఒక గొర్రె అరిచింది. అతను విననట్టే ఉన్నాడు.

"పోనీ, ఇంట్ల ఎవరికన్న బాగలేకుండెనా?"

"అందరం రాళ్ల లెక్క ఉన్నం."

లోపల, వెదురు బద్దలు కట్టిన కాలుతో గుర్వయ్య ఊపిరి బిగబట్టి పడుకున్నాడు.

"నా అంతట నేను అనుకుంటే చెల్లదమ్మా. ఇంటోళ్ల నోట రావాలె. మళ్ల అడుగుతున్న, జరం వచ్చిందా?"

"ఎన్నిసార్లు అడుగుతవ్ సారు? రాలేదంటే రాలేదు."

అతను మజ్జిగ చెంబు పక్కన పెట్టాడు. తర్వాత బూట్లు తొడుక్కుని, బస్సు దారి పట్టాడు.

"పుల్లరోళ్లనే తిప్పి పంపిన, గీయన ఎంత," అంది సోమమ్మ, చెమట తుడుచుకుంటూ. బీరన్నకు మాత్రం చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది.

జ్వరం తగ్గగానే అతను బస్సెక్కి పాలమూరు పోయాడు. కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి భయం మళ్లీ పట్టుకుంది. చప్రాసీ ఇస్రాయేలు ఎదురయ్యాడు.

"ఇప్పుడొస్తివా బిడ్డా? నిన్ననే నీ పేరు కొట్టేసిండ్రు. నీ స్కాలర్‌షిప్ పైసలు హైద్రాబాదుకు వాపస్ పోయినయ్."

బీరన్నకు ముందు గొర్రెలే గుర్తొచ్చాయి.

"మరి జప్తుకు ఎప్పుడొస్తరు?"

"జప్తేంది? తిన్న కిస్తు ఎవరడుగుతరు? ఎవరో నిన్ను ఆగం చేసిండ్రు."

"మళ్ల పేరు రాయరా?"

"గడువు దాటింది. ఇగ ఎవరి చేతుల లేదు. జరమొచ్చి పండిండని ఇంటోళ్లు ఒక్క మాట అంటే సరిపోతుండె. నీ తోటి మల్లప్పకు గట్లనే పేరు ఉంచిండ్రు. పైసలు గూడ ముట్టినయ్."

బీరన్నకు గొర్రెల మధ్య పడుకుని విన్న ప్రశ్నలు ఒక్కొక్కటిగా అర్థమవుతున్నాయి.

"మా ఇంటికి ఒకాయన వచ్చిండు. మీరు పంపిన గుమాస్తానా?"

"మేమెవ్వరిని పంపలే. పిల్లగాండ్ల ఇండ్లు తిరిగే గుమాస్తాలు మాకేడున్నరు?"

"ప్రిన్సిపాల్ సారు కాళ్ల మీద పడుత."

"పాతాయన బదిలీ అయిండు. నువ్వు పోయినంక కొత్తాయన వచ్చిండు. లోపలనే ఉన్నడు, పో. జర మెల్లగ మాట్లాడు. నిన్న నీ పేరు కొట్టేసే కాయిదం మీద దస్కత్ పెట్టినకాన్నుంచి ఎవ్వరితోని మాట్లాడుతలేడు."

తలుపు తోసి లోపల అడుగుపెట్టిన బీరన్న అక్కడే నిలబడిపోయాడు. ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నది, జ్వరమన్న ఒక్క మాట కోసం తన తల్లిని బతిమాలి, అది దొరక్క తిరిగిపోయిన మనిషే.