మంచం ఎటుంటే ఓటటు

"ఇది నా ఓటు కాగితం కాదు!"

వెర్నా హోల్‌కూంబ్ ఆ కాగితాన్ని బల్ల మీద విసిరికొట్టింది. చర్చి కింది హాల్లో వరసలో నిలబడ్డవాళ్ళందరూ అటు తిరిగారు. బల్ల వెనక కూర్చుని ఓటు కాగితాలిస్తున్న ఆర్లీన్ కళ్ళజోడు సర్దుకుంది.

"నీదే వెర్నా. పేరు నీదే, ఇల్లూ మీదే."

"మరి మా ఆయన పేరేది? పొద్దున్నే వచ్చి, ఈ హాల్లోనే తన పేరుకెదురుగా గుండ్రం దిద్దుకుని, కెమెరాల ముందు పళ్ళికిలించి వెళ్ళాడు. నాకిచ్చిన దాంట్లో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి పేరుంది!"

వెర్నా భర్త రాయ్స్ రాష్ట్ర సెనేటర్. ఈసారి వాషింగ్టన్ వెళ్ళాలని నాలుగో జిల్లా నియోజకవర్గం నుంచి అమెరికా కాంగ్రెస్‌కి పోటీ చేస్తున్నాడు. వెర్నాకి ఇచ్చింది ఏడో జిల్లా కాగితం.

"ఆయన నాలుగో జిల్లా, నువ్వు ఏడో జిల్లా," అంది ఆర్లీన్, తప్పు తనదే అయినట్టు మెల్లగా.

"ఒకే కప్పు కింద?"

"నియోజకవర్గాల కొత్త మ్యాపులో గీత మీ ఇంటి నడవలోంచి పోయింది. తూర్పు గది నాలుగు, పడమటి గది ఏడు. ఇల్లు రెండు ముక్కలైతే, మంచం ఎటుంటే ఓటు అటు. రూలు అది. ఎవరిది ఏ జిల్లానో తెలిపే కార్డు వేసవిలో పంపారే, చూడలేదా?"

"ఉత్తరాలు తీసేది ఆయన. నాకే కార్డూ రాలేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వెర్నా మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"అంటే నేనెక్కడ పడుకుంటానో ఊరంతటికీ చాటుకోవాలా? ఎవడు గీశాడీ గీత? వాడి చేతులు పడిపోను!"

వరసలో చాలా తలలు ఊగాయి. ఊగవూ మరి! ఎక్కడో రాజధానిలో వెచ్చగా కూర్చుని పెద్దమనుషులు గీతలు గీస్తే, ఈ ఊళ్ళో హైస్కూలు ఒక జిల్లాలోకీ దాని ఫుట్‌బాల్ మైదానం ఇంకో జిల్లాలోకీ పోయాయి. ఇదేం అన్యాయమని అడిగితే పలికే నాథుడు లేడు.

"మా కొట్టం ఏడులో, మా ఆవులు మేసేది నాలుగులో," అన్నాడు పాల వ్యాపారం చేసే కెస్లర్. "ఆవులకి ఓటు లేదు కాబట్టి బతికిపోయాను."

వెర్నా నవ్వలేదు. "మార్చడానికి దారే లేదా ఆర్లీన్?"

"ఉంది. నీ మంచం తూర్పు గదిలోనే ఉందని ఇంట్లోవాళ్ళెవరైనా ప్రమాణం చేసి సంతకం పెడితే, నాలుగో జిల్లా కాగితం ఇచ్చేస్తాను."

"ఇంట్లో ఉన్నది ఆయనొక్కడే. పిలిపించు!"

రాయ్స్ బయటే ఉన్నాడు. ప్రచారం చేయకూడని వంద అడుగుల హద్దుకి అవతల నిలబడి వచ్చేపోయేవాళ్ళకి చేతులు కలుపుతున్నాడు. కోటుకున్న ప్రచారం బ్యాడ్జీ తీయించాకే ఆర్లీన్ అతన్ని లోపలికి రానిచ్చింది.

"ఒక్క సంతకం పెట్టు రాయ్స్," అంది వెర్నా. "నా ఓటు నాకిప్పించు. మార్చి నెల నుంచీ ఈ రోజు కోసమే కాచుకుని కూర్చున్నాను. ఆ గుండ్రం నా చేత్తో నేను దిద్దాలి."

"అదృష్టవంతుడివయ్యా సెనేటరూ!" అన్నాడు కెస్లర్. "మా ఆవిడ నాకు కాఫీ కూడా ఇవ్వదు."

రాయ్స్ తల దించుకున్నాడు.

"నా గురక భరించలేక నువ్వు మార్చిలోనే పడమటి గదికి మారిపోయావు వెర్నా. అది నిజం. చర్చిలో నిలబడి, ప్రమాణం చేసి, అబద్ధం ఎలా చెప్పమంటావు?"

"ఇన్నేళ్ళుగా మీటింగుల్లో చెప్పినవి చాల్లేదా? నా దగ్గరికొచ్చేసరికి నిజాయితీ పుట్టుకొచ్చిందా?"

హాలంతా గొల్లుమంది. కానీ ఆ నవ్వు చల్లారేసరికి అందరి చూపుల్లోనూ రాయ్స్ ఒక మెట్టు పైకెక్కాడు. ఆర్లీన్ కళ్ళు తుడుచుకుంది. కెస్లర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కట్టుకున్నదాని ఓటు పోతున్నా అబద్ధమాడలేదు. ఇలాంటివాణ్ణి కదా మనం పంపాల్సింది!" అన్నాడు. "అయినా సెనేటరూ, కనీసం నీ ఇంటినైనా ఆ గీత నుంచి కాపాడుకోలేకపోయావా?"

"నేనొక్కణ్ణి ఏం చేయగలను కెస్లర్? అంతా పైనుంచే గీసి పంపారు."

వెర్నా ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. ఒక్కరూ తన పక్షాన లేరు.

"నా నట్టింట్లో గీత గీసి నా నోరు కట్టేశారు. పైగా మీరంతా ఆయన్ని మెచ్చుకుంటున్నారు. ఇది ఎన్నిక కాదు, పట్టపగలు దోపిడీ!"

ఏడో జిల్లా కాగితాన్ని ఒక్క గుండ్రమూ దిద్దకుండా ఓట్లు లెక్కపెట్టే యంత్రంలోకి తోసింది. 'ఓటేశాను' అన్న స్టిక్కరు ఇవ్వబోయిన ఆర్లీన్ చేతిని పక్కకి నెట్టి, విసవిసా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

రాయ్స్ బయటికొచ్చి కారెక్కాడు. అతని ప్రచారం చూసుకునే మెర్ల్ ఉండబట్టలేకపోయాడు.

"సంతకం పెడితే ఏం పోయేదండీ? మన గెలుపు నాలుగైదు ఓట్ల మీద ఊగుతోంది. ఇంట్లో ఓటు వదులుకుంటారా ఎవరైనా?"

రాయ్స్ కారు అద్దం పూర్తిగా ఎత్తేశాడు.

"నాకు పడే ఓటయితే కదయ్యా వదులుకోవడానికి! వీధి చివర పోతున్న గీతని మా నడవలోకి తెప్పించడానికి, మ్యాపులు గీసే కమిటీలో ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో నీకేం తెలుసు?"