వాపసొచ్చిన మిషను

“డబ్బు వద్దమ్మా, మిషను మాత్రం తీసేసుకోండి,” అంది దాన్ని కొన్నావిడ.

టైలరమ్మ కూతురు ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. మందుల షాపులో బిల్లులు కొట్టే ఆ పిల్లకి వాపసు పేచీలు కొత్తేమీ కాదు. సగం తాగిన మందుసీసా తెచ్చి పూర్తి డబ్బు ఇమ్మనేవాళ్లతో రోజూ వేగుతూనే ఉంటుంది. వస్తువు వదిలేసి డబ్బు వద్దనే మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు. బండివాడు అప్పటికే కుట్టుమిషన్ని ముందుగదిలో దించేసి తన దారిన తాను పోయాడు.

“ఫోన్లో ప్రకటన పెట్టినప్పుడే రాశాను కదండీ, పాత వస్తువు, చూసుకుని తీసుకోండి, వాపసు లేదని. మీరు తొక్కి చూసుకుని మరీ పట్టుకెళ్లారు.”

“నిజమే. ఇంటికెళ్లాక చప్పుడొస్తోంది.”

కూతురు కూర్చుని తొక్కి చూసింది. చక్రం నున్నగా తిరిగింది. చప్పుడూ లేదు, గిప్పుడూ లేదు.

“ఏదండీ చప్పుడు?”

“ఇక్కడ రావట్లేదు. మా ఇంట్లో వస్తుంది.”

“మా మిషనుకి మీ ఇల్లు నచ్చలేదంటారా?”

“అదొక్కటే కాదులే అమ్మా. ఎత్తు కూడా ఎక్కువ. నా కాళ్లు సరిగ్గా అందట్లేదు.”

గుమ్మం తగులుతుందని తల వంచుకుని లోపలికొచ్చిన మనిషి ఆవిడ. కూతురికి ఒళ్లు మండింది.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస. కుట్టు నేర్చుకోవడం కష్టంగా ఉందని చెప్పండి, పోనీ.”

“అలాగే అనుకోండి. పడతాను.” ఆవిడ నొచ్చుకోలేదు సరికదా, కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది. “అమ్మగారు ఇంకా రాలేదా?”

అసలు భయమంతా అదే. పక్షవాతం వచ్చి తగ్గాక టైలరమ్మకి మాట నిలబడింది, నడక నిలబడింది, కుడిచెయ్యి మాత్రం పడిపోయింది. ఈ వీధిలో సగంమంది ఒంటిమీది బట్టలు కుట్టిన చెయ్యి అది. కూతుర్ని చదివించి ఉద్యోగంలో నిలబెట్టిందీ ఆ చెయ్యే. అన్నం ముందు కూర్చున్నా ఆవిడ చూపు మిషను మీదే ఉండేది. ఒకనాడు చక్రం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. “దీన్ని నా కళ్లముందు నుంచి తీసెయ్యవే,” అంది. అమ్మంటే ప్రాణం పెట్టే కూతురు ఆ వారమే బేరం కుదిర్చి పంపించేసింది.

ఆ తర్వాత చాన్నాళ్లు టైలరమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, శాలువా కప్పుకుని, కిటికీ దగ్గర కూర్చునేది. చెయ్యి ఎలా ఉందో చూద్దామని కూతురు దగ్గరికెళితే, “చచ్చిన చేతిని చూసేదేముందే” అని కసిరేది. ఫిజియోథెరపీకి మాత్రం మానకుండా ఒక్కతే వెళ్లొచ్చేది, ఒక్కోరోజు చీకటిపడ్డాకే ఇల్లు చేరేది. ఈమధ్యే మొహంలోకి కాస్త నవ్వొచ్చింది. కూతురు తల దువ్వుతుంటే కూనిరాగం కూడా తీస్తోంది. అమ్మయ్య, మిషన్ని మరచిపోయిందని కూతురు సంబరపడింది.

సరిగ్గా ఇప్పుడు ఈ మహాతల్లి దాపురించింది.

“చూడండి,” అంది కూతురు, గొంతు తగ్గించి. “అమ్మ వచ్చేలోగా ఇది ఇక్కణ్ణుంచి కదలాలి. దీన్ని చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. మీకు డబ్బు మొత్తం తిరిగిచ్చేస్తాను. మిషను కూడా మీరే ఉంచుకోండి. బండి నేనే పిలుస్తాను.”

“అయ్యో, వస్తువూ నాదే, డబ్బూ నాదేనా? అలా తీసుకుంటే నాకు అన్నం సహిస్తుందా?”

“మరి మీకేం కావాలండీ?”

“ఏమీ వద్దు. నాకు ముట్టాల్సింది ముట్టిందనుకోండి.”

“మీకు దణ్ణం పెడతాను, తీసుకుపోండి. వద్దనుకుంటే దార్లో ఎవరికైనా ఇచ్చేయండి. మా అమ్మ ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. ఆవిడ ఇంకోసారి అలా ఏడిస్తే నేను చూడలేను.”

కొన్నావిడ కళ్లు చెమ్మగిల్లాయి. ఏదో చెప్పబోయింది. అంతలోనే తమాయించుకుని, “కాసిని మంచినీళ్లు ఇవ్వమ్మా,” అంది.

నీళ్లూ లేవు, ఏమీ లేవు. కూతురు బండివాడికి ఫోన్ చేస్తూనే మిషన్ని గుమ్మం వైపు ఈడవసాగింది. పోతపోసిన ఇనుప కాళ్లు, ఒక పట్టాన కదలవు. సాయం పట్టమంటే కొన్నావిడకి ఉన్నట్టుండి నడుం పట్టేసింది. ఇంతలో బయట చెప్పులు విప్పిన అలికిడి అయింది. కూతురు మంచం మీది దుప్పటి లాగి మిషను మీద పడేసి, దానికి అడ్డంగా నిలబడింది.

టైలరమ్మ లోపలికొచ్చింది. దుప్పటి కింద ఏముందో ముప్ఫై ఏళ్లు దాని ముందు కూర్చున్న మనిషికి ఒకరు చెప్పాలా. ఎడమచేత్తో కూతుర్ని మెల్లగా పక్కకి జరిపి దుప్పటి తీసేసింది.

“అమ్మా, నువ్వు చూడకు, ఇప్పుడే పంపించేస్తున్నాను,” అంది కూతురు ఏడుపు ఆపుకోలేక. “వాపసు లేదని లక్షసార్లు చెప్పాను. ఈవిడే మొండికేసింది. నా తప్పేమీ లేదమ్మా.”

టైలరమ్మ కొన్నావిడ వంక ఒకసారి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని మిషను ముందు కూర్చుంది. సొరుగు లాగి దారపు రీలు బయటికి తీసింది.

“తెమ్మన్నది నేనే,” అంటూ టైలరమ్మ కుడిచేత్తో సూదికి దారం ఎక్కించింది.