మేడమ్ వేయించిన కుర్చీ

"అమ్మా, ఆ కుర్చీలో కూర్చోకండి. అది ఆఫీసరు గారిది."

విశ్వతేజ మాటకి ఆవిడ గబుక్కున లేచింది. నేత చీర, చేతిలో గుడ్డ సంచి. షేర్ ఆటోలో వచ్చినట్టుంది, జుట్టు నిండా దుమ్ము.

తిరువూరు డిగ్రీ కాలేజీలో ఆ రోజు 'ప్రకృతి – సంస్కృతి' కోర్సుకి ఆఖరి క్లాసు.

"రేపు ఒకరొస్తున్నారు. మంచి కుర్చీ ఒకటి వేయండి. వచ్చే ఏడు ఈ పాఠం నేను చెబుతానో, హైదరాబాదు ఉద్యోగానికి వెళ్తానో వారి మాట మీదే ఉంది. ఈ కోర్సు మీకెలా అనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పండి" అని ప్రేమావతి మేడమ్ ముందురోజే చెప్పారు.

వచ్చేది ఆఫీసరేనని, కారులోనే వస్తాడని పిల్లలు తేల్చేసుకున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు కొబ్బరిబోండాలు కూడా తెచ్చి పెట్టారు.

మేడమ్ పైన పరీక్ష డ్యూటీలో ఉన్నారు.

ఆవిడ వరండా మెట్ల మీద సర్దుకు కూర్చుంది.

"ఏం చదువు నాయనా ఇది?" అని పక్కనున్న అభిలాష్‌ని అడిగింది.

"చెట్లు, పంటలు, మనుషులు... వాటి గురించండి. అసలు క్లాసులో కూర్చుందెప్పుడు? చేల వెంట ఎండలో తిప్పి చంపారు మా మేడమ్" అన్నాడు వాడు నవ్వుతూ.

ఆవిడ మొహం మాడిపోయింది.

"ఎండలోనా? అంత చదువు చదివి మళ్ళీ ఎండలోకేనా? నీడపట్టున చేసుకునే ఉద్యోగానికి వెళ్లకూడదా ఆ పిల్ల?"

"మా మేడమ్‌ని ఏమీ అనకండి" అంది హెప్సిబా. ఆ పిల్లకి నిజంగానే కోపమొచ్చింది.

"అంతగా ఏం చేసిందేంటి మీకు?"

హెప్సిబా వచ్చి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చుంది.

"మా అమ్మ పత్తి తీయడానికి కూలికెళ్తుందండి. సిగ్గేసి ఇక్కడెవరికీ చెప్పలేదు. ఓ రోజు మేడమ్ మమ్మల్ని సరిగ్గా మా అమ్మ ఉన్న చేలోకే తీసుకెళ్లారు. నాకు చచ్చినంత పనైంది. 'ఇవాళ పాఠం ఈవిడ చెబుతారు' అన్నారు. మంచు ఆరకముందే పత్తి ఎందుకు తీయాలో మా అమ్మ చెప్పింది. ఎండెక్కితే ఎండాకు పొడై దూదికి అంటుకుంటుందంట. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మ ఏడ్చేసింది."

"తర్వాత?"

"మేడమ్ కూడా సాల్లోకి దిగి అమ్మతో సమానంగా పత్తి తీశారండి. అంత పనితనం ఎక్కడ నేర్చుకున్నారో!"

ఆవిడ తన వేళ్ల వంక చూసుకుంది. పత్తి డొప్పలు గీరిన మచ్చలు ఇంకా పోలేదు.

"ఈ మాటే మీ ఆఫీసరుకి చెప్పు తల్లీ" అని హెప్సిబా తల నిమిరింది. సంచిలోని మామిడిపళ్లు మెట్ల మీద పెట్టి, గేటు దాటి ఆటో ఎక్కేసింది.

కాసేపటికి మేడమ్ పరుగున కిందికొచ్చారు. కళ్ల నిండా నీళ్లు, మొహం నిండా నవ్వు.

"ఇప్పుడే ఫోనొచ్చింది. నన్ను హైదరాబాదు ఉద్యోగానికి వెళ్లొద్దన్నారు, ఇక్కడే ఉండి పాఠాలు చెప్పుకోమన్నారు. ఏం చెప్పారర్రా మీరు?"

"చెప్పడానికి ఆఫీసరు గారు రాలేదు కదా మేడమ్!" అన్నాడు విశ్వతేజ.

"ఆఫీసరెవరు?"

వాడు తెల్ల తువ్వాలు పరిచిన కుర్చీ చూపించాడు.

మేడమ్ చూపు మెట్ల మీది మామిడిపళ్ల దగ్గర ఆగిపోయింది.

"అది మా అమ్మకి వేయించాన్రా, జన్మంతా చేలో వంగిన మనిషి... కాసేపన్నా కూర్చుందా?"