శోభ వంతు

“శోభా, నువ్వు లైన్లకు పో. ఇయ్యాల గూడ మొగిలే చెప్తడు,” అన్నాడు షిఫ్టు చూసే ఓవర్‌మన్ సదానందం, గడియారం చూసుకుంటూ.

ఆ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు రోజుకొకరు ముందుకొచ్చి రక్షణ ప్రమాణం చెప్పించాలి. ఒక్కో ముక్కా వాళ్లు చెబుతుంటే, మిగతావాళ్లు కుడిచెయ్యి చాపి తిరిగి చెప్పాలి. అందరి వంతూ వచ్చేది, ఒక్క శోభది తప్ప. ఆమెది వచ్చిన ప్రతిసారీ తోటి కార్మికుడు మొగిలిది అయిపోయేది. ఆమెకు నత్తి మరి. పార పట్టినప్పుడు ఎవరికీ అడ్డురాని నత్తి, నోరు తెరిచేసరికి అందరికీ అడ్డమైంది.

నలుగురూ చూస్తున్నారంటే చాలు, శోభకు భయంతో నత్తి ఇంకా ఎక్కువయ్యేది. ఇన్నాళ్లూ తల వంచుకుని లైన్లోకి వెళ్లిపోయింది. ఇవాళ కాళ్లు కదల్లేదు. ఇవాళ కూడా వెనక్కి తగ్గితే ఇక తన వంతంటూ ఉండదు.

“నా... నా వంతు సార్. నే... నేనే చెప్త.”

“నువ్వు చెప్పేవరకు షిఫ్టే దిగిపోతది.”

లైనంతా నవ్వింది.

“సరే, కానియ్యి జల్ది. అందరు చెయ్యి జాపున్రి. ప్రమాణమంటె ఆటగాదు. ఒక్కపారి నోట్లెకెళ్లి వచ్చిందంటె మల్ల తప్పద్దు,” అన్నాడు సదానందం.

శోభ చెయ్యి చాపింది. “గ... గ... గనిలో పనిచేసే నేను...”

“గ... గ... గనిలో పనిచేసే నేను,” అంది లైను, పొల్లు పోకుండా.

మొగిలి కూడా అన్నాడు. సదానందం ఒక్కరినీ గద్దించలేదు సరికదా, మీసాల కింద నవ్వుకున్నాడు. ఒక్క మనిషిని ఇంతమంది కలిసి ఏడిపిస్తే దానికి తమాషా అని పేరు పెట్టుకుంటారు కాబోలు.

శోభకు ఒళ్లు మండింది. ఆ మంటలో భయం సంగతే మర్చిపోయింది. అప్పుడు చూసింది వాళ్లను. వీళ్లందరి చెవులూ తన నత్తి కోసమే తప్ప, మాట కోసం కాదు.

ఆగింది. ఆగినందుకు సిగ్గుపడలేదు. నిదానంగా ఊపిరి తీసుకుంది.

“టోపీ, బూట్లు లేకుండా పనిలోకి దిగనని...”

నత్తి రాలేదు. నవ్వడానికి ఏమీ దొరక్క లైను రోజూలాగే వట్టి నోటితో పలకడం మొదలుపెట్టింది. ఒకడు ఆవలించాడు. సదానందం మళ్లీ గడియారం వంక చూశాడు.

“తోటివారి ప్రాణాన్ని నా ప్రాణంగా చూసుకుంటానని...”

అదీ పలికారు.

చివరి ముక్క శోభ ఎక్కడా తడబడకుండా చెప్పింది. చాపిన చేతులు చాపినట్టే ఉండగా లైనంతా ఒక్క గొంతుతో, అందరికన్నా పెద్దగా సదానందం, తిరిగి చెప్పారు:

“ఇకమీదట ఎవరి నత్తినీ వెక్కిరించనని ప్రమాణం చేస్తున్నాను.”