రెండు పాటల మధ్య

అక్క కట్టిన ఎలక్ట్రానిక్ పాటల ఆల్బమ్‌కి చెల్లెలు ఏళ్ల తరబడి బొమ్మలు గీసి సినిమా చేసింది. అందులో మాటల్లేవు, సంగీతమే. తన పని మీద ఆమెకు గట్టి నమ్మకం.

ఆ రాత్రి స్టూడియోలో ఒంటరిగా చివరిసారి చూసుకుంటోంది. రెండు పాటల మధ్య నిశ్శబ్దంలో, తెర మీది పాప నడక ఆపి చెవి ఒగ్గింది. అలా తను గీయలేదు.

అక్కకి ఫోన్ చేసింది.

"ఇక్కడేమైనా శబ్దం పెట్టావా అక్కా?"

"లేదే, ఖాళీగా వదిలేశాను."

"పాప ఏదో వింటోంది."

"బాగుందిగా, ఉంచెయ్."

నిజమే, బాగుంది. ఆ ముక్కే మళ్లీ వేసి చూసింది. ఈసారి పాప తెర మీంచి చెల్లెలి భుజం మీదుగా వెనకున్న స్టూడియో తలుపు వైపు చూసి, మెల్లగా పెదవుల మీద వేలు పెట్టింది.

"ఏమైందే, మాట్లాడవేం?" అంటోంది అక్క.

చెల్లెలు వెనక్కి తిరగలేదు. ఊపిరి బిగబట్టి, పాప కళ్లనే చూస్తూ కూర్చుంది.